పట్టికలో గడి లేని పిల్లలు

తెల్లాపూర్ రైల్వే స్టేషను నుంచి కొల్లూరు వైపు సాగే దారిలో విల్లాల ప్రహరీగోడలు, వాటి వెనుక ముప్పై నలభై అంతస్తుల మేడలు కనిపిస్తాయి. ఆ దారి చివర, అవుటర్ రింగు రోడ్డుకు సమీపంలో, ప్రభుత్వం కట్టించిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల సముదాయం ఉన్నది. 2023 జూన్‌లో ప్రారంభమైన ఆ కాలనీకి నగరంలోని అనేక బస్తీల నుంచి పేద కుటుంబాలు తరలివచ్చాయి. వారిలో మన కుటుంబాలూ తక్కువేమీ కావు. మగవారు ఆటోలు నడుపుతారు, ఏసీలు బిగిస్తారు, వెల్డింగు చేస్తారు. ఆడవారు ఆ విల్లాలలోనూ మేడలలోనూ అంట్లు తోమి, వంటలు చేసి సాయంత్రానికి ఇల్లు చేరుతారు.

గత షాబాన్ నెలలో రమజాన్ సరుకులు పంచడానికి మేము ఆ కాలనీకి వెళ్లాము. ఒక ఇంట్లో తొమ్మిదేళ్ల బాలుడు గోడకు ఆనుకొని కూర్చొని ఆయాసపడుతున్నాడు. పక్కన కిటికీలో అయిపోయిన ఇన్‌హేలరు ఉన్నది. “నిరుడు ఈ రోగం లేదు చాచా. వాళ్ల అబ్బాను తీసుకుపోయినప్పటి నుంచే ఇట్లా ఐతున్నాడు” అన్నది తల్లి. తండ్రి పదకొండు నెలలుగా విచారణ ఖైదీగా ఉన్నాడు. ఆయన తప్పు చేశాడో లేదో మాకు తెలియదు. అది న్యాయస్థానం తేల్చవలసిన సంగతి, ఇంకా తేల్చలేదు. కానీ ఆ పిల్లవాడు ప్రతి రాత్రి రెండు గంటలకు ఉలిక్కిపడి లేస్తున్నాడని ఆ తల్లి చెప్పింది. పోలీసులు తలుపు తట్టినది ఆ వేళకేనట. నిద్రలో పక్క తడుపుతున్నాడు. బడికి పోనంటున్నాడు. “మీ అబ్బా ఎక్కడ?” అని అడిగితే దుబాయిలో ఉన్నాడని చెప్పమని తల్లి నేర్పింది. పిల్లవాడు అలాగే చెబుతున్నాడు. అందరికీ అసలు సంగతి తెలుసునని వాడికీ తెలుసు.

ఆ ఇంటి నుంచి వచ్చిన తరువాత మేము కొన్ని వారాలు ఈ విషయంపై దొరికినదంతా చదివాము, తెలిసిన వైద్యులను అడిగాము. ఖైదీల హక్కులపై మన పత్రిక అనేకసార్లు రాసింది. ఖైదీల పిల్లల చదువుపైనా రాసింది. వారి ఒంటిని గురించి మాత్రం రాయలేదు. గుండె, ఊపిరితిత్తులు, రక్తపోటు, నిద్ర, తలనొప్పి అన్న మాటలను మనం జైలుతో ముడిపెట్టి ఆలోచించలేదు. ఆలోచించవలసి ఉన్నదని ఇప్పుడు అర్థమవుతున్నది.

అమెరికాలోని శాండియాగోలో కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థకు సాధారణ పరీక్షల కోసం వచ్చిన తొమ్మిదిన్నర వేల మందికి పైగా పెద్దవారిని, వారి బాల్యంలో ఏమి జరిగిందో వైద్యులు అడిగారు. డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టి, డాక్టర్ రాబర్ట్ అండా, వారి సహచరులు 1998లో ఆ ఫలితాలు ప్రకటించారు. వారు అడిగిన ఏడు రకాల బాల్యకష్టాలలో ఇంటివారిలో ఎవరైనా జైలుకు వెళ్లారా అన్నది ఒకటి. కొట్టడం, తిట్టడం, లైంగిక హింస, తల్లిపై దౌర్జన్యం, ఇంట్లో తాగుడు, మానసిక వ్యాధి మిగిలినవి. ఇటువంటివి నాలుగు లేదా అంతకు మించి అనుభవించిన పిల్లలకు పెద్దయ్యాక గుండెజబ్బు, ఊపిరితిత్తుల వ్యాధి, క్యాన్సరు, కాలేయ వ్యాధి వంటివి ఏ కష్టమూ ఎరుగనివారి కంటే ఎక్కువగా వచ్చినట్లు తేలింది. మన కుటుంబాలలో తండ్రి జైలుకు పోవడమన్నది ఒంటరిగా రాదని గమనించండి. అది తల్లి దిగులునూ, అప్పునూ, ఇంటి గొడవలనూ వెంటబెట్టుకొని వస్తుంది. ఏడింటిలో ఒక్కటే కదా అని సరిపెట్టుకోవడానికి వీలు లేదు.

తరువాతి పరిశోధనలు నేరుగా ఖైదీల పిల్లలనే పరిశీలించాయి. బడిలో చదివే వయసు నుంచి యౌవనం దాకా వేలాది మందిని వెంబడించిన ఒక జాతీయ సర్వే సమాచారాన్ని తీసుకొని రోజలిన్ లీ, ఆమె సహచరులు 2013లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. తండ్రి జైలుకు వెళ్లినవారిలో ఉబ్బసం, పార్శ్వపు తలనొప్పి, అధిక కొలెస్టరాల్, దిగులు వ్యాధి, భయాందోళనలు ఎక్కువగా ఉన్నట్లు వారు చూపారు. అప్పటికి ఆ ‘పిల్లలు’ ఇరవైల చివర, ముప్పైల తొలినాళ్లలో ఉన్నవారు. తండ్రి ఎప్పుడో విడుదలై ఇంటికి వచ్చి ఉండవచ్చు. బిడ్డ ఒంట్లో ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉన్నది. అదే సర్వే నుంచి వచ్చిన మరో పరిశోధనలో, తండ్రి జైలు పాలైన ఆడపిల్లలకు యౌవనంలో స్థూలకాయం ముప్పు అధికమని తేలింది.

పేదరికమే ఈ జబ్బులకు కారణం, జైలు కాదు అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పేద ఇంటి మనిషే ఎక్కువగా జైలుకు పోతాడు, పేద ఇంటి బిడ్డకే ఎక్కువగా జబ్బు చేస్తుంది. అందుకే పరిశోధకులు ఆదాయం, చదువు, జాతి వంటివి లెక్కలోకి తీసుకొనే పోల్చి చూస్తారు. ఇంగ్లాండులో జోసెఫ్ ముర్రే, డేవిడ్ ఫారింగ్టన్‌లు చేసిన పని ఈ విషయంలో మాకు గట్టిగా తోచింది. దక్షిణ లండనులోని శ్రామికవాడలకు చెందిన 411 మంది బాలురను చిన్ననాటి నుంచి నలభై ఎనిమిదేళ్ల వయసు దాకా పరిశీలించిన అధ్యయనం అది. పదేళ్లలోపు తల్లికో తండ్రికో దూరమైన పిల్లలను వారు విడివిడిగా చూశారు. ఆసుపత్రి వల్ల, మరణం వల్ల దూరమైనవారి కంటే జైలు వల్ల దూరమైనవారిలో ఆందోళన, దిగులు వంటివి ఎక్కువగా, చిరకాలం నిలిచాయి. చావు ఇంటికి ఊరు వస్తుంది. జైలు ఇంటికి ఎవరు వస్తారు?

అసలు ఇది ఒంట్లోకి ఎలా దిగుతుంది? వైద్యులు చెప్పినది మా మాటల్లో చెబుతాము. భయం కలిగినప్పుడు శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర వస్తుంది. కుక్క వెంటబడినప్పుడు పరుగెత్తడానికి ఇదంతా అవసరం. కుక్క పోయాక అన్నీ సర్దుకోవాలి. తండ్రి ఎప్పుడు వస్తాడో తెలియని బిడ్డకు కుక్క పోదు. ప్రతి వాయిదా తారీఖుకూ, గుమ్మం దగ్గర వినిపించే ప్రతి బూటు చప్పుడుకూ ఆ హార్మోన్లు పొంగుతూనే ఉంటాయి. నెలలు, ఏళ్లు అలా గడిచిన కొద్దీ నిద్ర చెడుతుంది, రోగనిరోధక శక్తి దెబ్బతింటుంది, నెమ్ముకూ ఆయాసానికీ ఒళ్లు తేలికగా లొంగుతుంది. ఆ తరువాత, వయసు వచ్చేసరికి, బీపీ, షుగరు, గుండె. దుఃఖం కంటిచూపునే తీసివేయగలదని హజ్రత్ యాఖూబ్ (అలై) వృత్తాంతం చదివే ప్రతి ముస్లింకూ తెలిసిన సంగతే. అక్కడ బిడ్డ కోసం తండ్రి కుమిలాడు. ఇక్కడ తండ్రి కోసం బిడ్డ.

హార్మోన్లతో పాటు తిండి ఉన్నది. సంపాదించే మనిషి లోపల ఉంటే ఇంట్లో మొదట తగ్గేది పాలు, ఆ పైన గుడ్డు, ఆ పైన పండు. వకీలు ఫీజు, బస్సు కిరాయి, లోపల క్యాంటీను కోసం జమ చేసే డబ్బు మాత్రం తగ్గవు. మా దగ్గరకు వచ్చిన ఒక తల్లి తన లెక్క చెప్పింది. నెల సంపాదనలో మూడో వంతు జైలు చుట్టూ తిరగడానికే పోతున్నదట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇది తండ్రి ఇంట్లో ఉన్న పిల్లలను కూడా కలిపి చెప్పిన లెక్క. ఇక పెద్ద కొడుకు బడి మాని మెకానిక్ షెడ్డులో చేరతాడు, అక్కడ గుట్కా, సిగరెట్టు నేర్చుకుంటాడు. పెద్ద కూతురు తమ్ముళ్లను చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతుంది. ముప్పై ఏళ్ల తరువాత ఆసుపత్రి వరుసలో వీరు నిలబడినప్పుడు వైద్యుడు పొగతాగుడు గురించి అడుగుతాడు. అది ఏ సంవత్సరంలో, ఎందుకు మొదలైందో అడగడు.

ఇటువంటి పిల్లలు ఎందరు? జాతీయ నేర గణాంకాల సంస్థ వెలువరించిన జైళ్ల నివేదిక ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో మనం 14.2 శాతం. విచారణ ఖైదీలలో మన వాటా కొన్నేళ్ల నివేదికలుగా 18 శాతం, అంతకు పైనే ఉంటున్నది. దళితులు, ఆదివాసీల పరిస్థితి కూడా ఇటువంటిదే కనుక ఇది మన ఒక్కరి గోడు కాదు. అమెరికాలో 1990లో పుట్టిన నల్లజాతి పిల్లలలో నలుగురిలో ఒకరు పధ్నాలుగేళ్లు నిండేలోపు తల్లి లేదా తండ్రి జైలుకు పోవడం చూశారని, తెల్లవారి పిల్లలలో అది ఇరవై ఐదుగురిలో ఒకరని అక్కడి సామాజిక శాస్త్రవేత్త క్రిస్టఫర్ వైల్డ్‌మన్ లెక్క కట్టాడు. అక్కడ ఆ లెక్క కట్టడానికి సమాచారం ఉన్నది.

మేము ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం చేస్తూ పట్టికలు నింపినవారము. ఒక సంగతి మాకు బాగా తెలుసు. పట్టికలో గడి లేని మనిషికి బడ్జెట్టులో రూపాయి ఉండదు. జైళ్ల నివేదికలో ఖైదీ వయసు, మతం, చదువు, నేరం, శిక్ష అన్నింటికీ గడులు ఉన్నాయి. తల్లితో పాటు జైలు లోపల ఉంటున్న పిల్లలకు కూడా గడి ఉన్నది: 2022 చివరికి 1,537 మంది మహిళా ఖైదీలతో 1,764 మంది పిల్లలు. ఆ పిల్లలను ఎలా చూడాలో, వారి తిండి, టీకాలు, వైద్యం, ఆటలు ఎలా ఉండాలో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో వివరంగా ఆదేశించింది. ఆ కేసులో ప్రతివాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. మంచి తీర్పు. కానీ గోడకు ఇవతల ఉండిపోయిన లక్షలాది బిడ్డలకు నివేదికలో గడి లేదు. జైలులో చేర్చుకొనే రోజున “నీకు పిల్లలు ఎందరు, ఏ వయసువారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నారు?” అని అడిగి రాసుకోవడానికి ఒక నిమిషం పడుతుంది.

హైదరాబాదు ముస్లింలకు ఈ విషయంలో పాత గాయం ఒకటి ఉన్నది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు, తరువాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. ఆ తరువాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. హింసించారన్న ఫిర్యాదులపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ న్యాయవాది రవిచందర్‌తో విచారణ జరిపించింది. చివరకు 2011లో రాష్ట్ర ప్రభుత్వం 20 మందికి మూడేసి లక్షలు, మరో 50 మందికి ఇరవయ్యేసి వేలు పరిహారంగా ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పరిహారం ఇవ్వడం చట్టబద్ధమా కాదా అన్న చర్చ నడిచినన్నాళ్లూ మనమంతా ఆ యువకుల గురించే మాట్లాడాము, మాట్లాడవలసిందే. వారి ఇళ్లలో ఆనాడు తలుపు వెనుక నిలబడి చూసిన పసివారు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటినవారు. వారి ఆరోగ్యం ఎలా ఉన్నదని ప్రభుత్వం అడగలేదు. మేమూ అడగలేదు. ఆ కాలంలో సహాయక కమిటీలలో తిరిగినవారము కనుక ఈ తప్పులో మా వాటా మేము ఒప్పుకుంటున్నాము.

మన సమాజంలో యతీము బిడ్డకు గౌరవం ఉన్నది. యతీమ్‌ఖానాకు చందా అడిగితే చేయి వెనక్కు తీసుకునేవారు తక్కువ. ఖైదీ బిడ్డ అనగానే మాత్రం మాట మారుతుంది. “తండ్రి ఏం చేశాడో ఏమో” అంటారు. జకాత్ కమిటీ జాబితాలో ఆ పేరు కిందికి జారుతుంది. ఆడపిల్ల సంబంధాల సమయంలో ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు. దివ్య ఖుర్ఆన్‌లో అగతికునికీ, అనాథకూ, ఖైదీకీ అన్నం పెట్టేవారి ప్రస్తావన ఒకే వాక్యంలో వస్తుంది. మనం మొదటి ఇద్దరి దగ్గరే ఆగిపోయాము. దుబాయి అబద్ధాన్ని ఆ తల్లి చేత చెప్పిస్తున్నది పోలీసులు కాదు, ఇరుగుపొరుగైన మనం. ఆ అబద్ధం మోసే బిడ్డ వైద్యుడి దగ్గరా నోరు విప్పడు. వైద్యుడు దుమ్ము గురించి, పొగ గురించి అడిగి మందు రాసి పంపుతాడు.

ఈ ఒక్క బాలుడి ఆయాసానికి తండ్రి జైలే కారణమని మేము అనడం లేదు. కొల్లూరు చుట్టూ ఎడతెగని నిర్మాణాలు, లారీల దుమ్ము కారణం కావచ్చు. వైద్యుడికి రెండూ తెలియాలి, అంతే.

కుటుంబాలకు ముందుగా చెప్పవలసినది బెయిలు సంగతి. తండ్రి ఇంటికి రావడాన్ని మించిన మందు ఈ పిల్లలకు లేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలని వ్యక్తి తనపై మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బెయిలుపై విడుదలకు అర్హుడు. ఇతరులకు సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించిన కేసులు ఉన్నవారికీ చిక్కే. గడువు పూర్తయితే కోర్టుకు దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాత కేసులకూ ఈ సెక్షను వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బెయిలు వచ్చినా పూచీకత్తు సొమ్ము లేక లోపలే ఉండిపోయినవారికి, అర్హతను బట్టి ఆ సొమ్ము చెల్లించే కేంద్ర పథకం ఒకటి 2023 నుంచి ఉన్నది. వకీలు పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించాలి. 15100 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేదు. పదకొండు నెలలు లోపల ఉన్న ఆ తండ్రి విషయంలో ఈ లెక్క వేసినవారు ఎవరూ లేరని తెలిసి మాకు సిగ్గు కలిగింది.

ములాఖత్ గురించి ఒక మాట. తెల్లాపూర్ ప్రాంతం సంగారెడ్డి జిల్లాలోనిది. కేసు ఏ స్టేషనుదైతే ఆ లెక్కన మనిషి కందిలోని జిల్లా జైలులోనో, నగరానికి ఆ చివర చర్లపల్లిలోనో ఉంటాడు. కందికి పోయే బస్సు ఐఐటీ గేటు మీదుగా వెళుతుంది. ఆ ఆవరణలోకి పోయే పిల్లలనూ, ఈ పక్కకు దిగే పిల్లలనూ ఒకే కిటికీ లోంచి చూడవచ్చు. సంగారెడ్డిలోని పాత జైలును, 1796లో కట్టినదాన్ని, మ్యూజియంగా మార్చి 500 రూపాయలు కట్టినవారికి ఒక రోజు ఖైదీ జీవితం రుచి చూపించే ఏర్పాటు 2016లో చేశారు. సరదా వారిది, మేము కాదనము. కానీ అద్దానికి అటువైపు ఉన్న తండ్రితో ఫోనులో మాట్లాడి, చేయి తాకకుండానే తిరిగి వచ్చిన బిడ్డను ఎవరైనా బస్సులో గమనించారా? పన్నెండేళ్లలోపు పిల్లలకైనా తండ్రి ఒడిలో పావుగంట కూర్చునే ములాఖత్ ఇవ్వాలని, అది బడికి సెలవు రోజున ఉండాలని మేము జైళ్ల శాఖను కోరుతున్నాము. ఇందులో భద్రతకు వచ్చే ముప్పు ఏమిటో వివరించగలిగితే వింటాము.

ప్రభుత్వం చేయవలసిన మరో పని ఆర్థిక సాయం. ఢిల్లీ ప్రభుత్వం 2014లోనే ఖైదీల పిల్లల కోసం ప్రత్యేక పథకం తెచ్చింది. కేరళలో ఖైదీల పిల్లల చదువుకు సాయం చేసే పథకం ఉన్నది. రాజస్థాన్‌లోని పాలన్‌హార్ పథకం యావజ్జీవ శిక్ష పడినవారి పిల్లలకూ వర్తిస్తుంది. మేము కలిసిన కుటుంబాలలో ఏ ఒక్కదానికీ ఇటువంటి సాయం అందలేదు. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. తల్లులు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోవాలి. తిరస్కరిస్తే ఆ కారణమూ రాతలోనే అడగాలి. రసీదు లేని దరఖాస్తు దరఖాస్తు కాదని పాత గుమాస్తా మాటగా తీసుకోండి. బస్తీ దవాఖానాలలో, ఉర్దూ బడులలో పిల్లల బరువు, ఎత్తు, రక్తం పరీక్షించేటప్పుడు ఇంట్లో ఇటీవల ఏమైనా కష్టం వచ్చిందా అని నిందలేని గొంతుతో అడిగే అలవాటు రావాలి. పిల్లవాడు నిద్రపోతున్నాడా అన్నది కూడా వైద్య ప్రశ్నేనని తల్లులు గుర్తించాలి.

మసీదు కమిటీలను మేము అడిగేది ఇంకా తేలిక. తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్, నల్లగండ్ల మసీదుల జకాత్ జాబితాలలో ఈసారి ఈ కుటుంబాలకు ఒక గడి గీయండి. పేర్లు బయట పెట్టనక్కర లేదు. సరుకుల సంచితో పాటు రోజుకు అర లీటరు పాలకూ, రెండు గుడ్లకూ లెక్క కట్టండి. ఐటీ కంపెనీలలో పనిచేస్తున్న మన యువకులు వారానికి ఒక సాయంత్రం ఆ పిల్లలతో క్రికెట్ ఆడితే అదీ వైద్యమే. నమ్మకంగా దగ్గర ఉండే ఒక్క పెద్దమనిషి తోడు పిల్లల ఒత్తిడిని తగ్గిస్తుందని వైద్యులే చెబుతున్నారు.

గత శుక్రవారం ఆ బాలుడిని తల్లితో పాటు బస్తీ దవాఖానాకు తీసుకువెళ్లాము. ఈసారి ఆమె దుబాయి అనలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పింది. వైద్యురాలు కలం పక్కన పెట్టి విన్నది. ఇన్‌హేలరు ఎలా పీల్చాలో వాడి చేతనే చేయించి చూపించింది, రక్తపరీక్షకు రాసింది, పిల్లల మానసిక వైద్యుడిని కలవమని చీటీ ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వాడు మమ్మల్ని ఒకటే అడిగాడు, ములాఖత్‌కు ఇన్‌హేలరు వెంట తీసుకుపోనిస్తారా అని. కనుక్కొని చెబుతామన్నాము. తండ్రి వాయిదా వచ్చే నెల పన్నెండున ఉన్నది. 479వ సెక్షను కింద లెక్క వేసిన కాగితం న్యాయసేవాధికార సంస్థ వకీలు చేతికి అందింది. రసీదు మా దగ్గర ఉన్నది.